భూకంపం రెండు చేసిన ఊరు

రగూజా జనానికి కాపు కాసే పునీతులు ఇద్దరు. మే నెలాఖరులో, గుర్రమెక్కి ఘటసర్పాన్ని బల్లెంతో పొడుస్తున్న సెయింట్ జార్జ్ విగ్రహాన్ని కుర్రాళ్లు భుజాలకెత్తుకుని పరుగులాంటి నడకతో కింది ఊరి వీధులన్నీ తిప్పుతారు. ఆగస్టు 29న బాప్తిస్మమిచ్చు యోహాను విగ్రహం పై ఊరి వీధుల్లో, కొవ్వొత్తులు పట్టుకున్న భక్తుల నడుమ నిదానంగా కదులుతుంది. ఊరు ఒకటే, మునిసిపాలిటీ ఒకటే. పెద్ద చర్చిలు మాత్రం రెండు, పండగలు రెండు, నడిబొడ్డులు రెండు. మధ్యలో కొండవాలు. దాని పొడవునా వందల మెట్లు.

ఇటలీ దేశపు దక్షిణ కొసన ఉన్న సిసిలీ దీవికి ఆగ్నేయ మూలన ఉంటుంది రగూజా. కింది ఊరిని ఇబ్లా అంటారు. ఎత్తైన గుట్ట మీద ముడుచుకుని కూర్చున్న పాత ఊరు అది. పై ఊరు విశాలమైన మిట్ట మీద, గళ్లు గీసినట్టున్న తిన్నటి వీధులతో ఉంటుంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇబ్లాయే అసలు రగూజా అనిపిస్తుంది. ఊరి జనాభా సుమారు 73 వేలు. అందులో చాలా ఎక్కువమంది ఉండేది పైన. ఇబ్లాలో కాపురాలు కొద్ది వేల మందివే.

ఈ చీలికకు తేదీ ఉంది: 1693 జనవరి 11. ఆ రోజు వచ్చిన భూకంపం తర్వాత సిసిలీ ఆగ్నేయ భాగమంతా బరోక్ శైలిలో కొత్తగా లేచింది. వంపు తిరిగిన ముఖద్వారాలు, తేనెరంగు రాతి మీద చెక్కిన పూలు, రాక్షస ముఖాల మీద నిలిచిన బాల్కనీలు ఆ శైలికి గుర్తులు. యునెస్కో 2002లో ఈ ప్రాంతంలోని ఎనిమిది ఊళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రగూజా, నోటో, మోదికా, షీక్లీ, కతానియా, కాల్తజిరోనె, పలజ్జోలో అక్రెయిదె, మిలితెల్లో అవి. ఆ అందం గురించి రాసినవాళ్లు చాలామంది. నన్ను ఎక్కువగా కట్టిపడేసేది దాని వెనకున్న పోట్లాట. సర్వం పోగొట్టుకున్న జనం, మళ్లీ ఎక్కడ కట్టుకోవాలన్న విషయంలో ఒక మాట మీదకు రాలేకపోయారు. ఇవాళ మనం చూడగలిగే ఇబ్లా ఆ పంతం మిగిల్చినదే.

గుట్ట మీద పొరలు

ఈ ప్రాంతమంతా సున్నపురాయి. వానలు, వాగులు వేల సంవత్సరాలపాటు ఆ రాయిని కోసి లోతైన లోయలు చేశాయి. స్థానికులు వాటిని ‘కావా’లంటారు. సాన్ లెయొనార్దో, శాంత దొమెనికా అనే రెండు కావాల మధ్య మిగిలిన గుట్టే ఇబ్లా. చుట్టూ నిటారు వాలు, కింద నీళ్లు, పైన కాపలాకు అనువైన చోటు. కొండల మీద కాపురాలు పెట్టుకున్న పాతకాలపు మనుషులు ఇంతకన్నా కోరుకునేదేముంది?

గ్రీకులు సిసిలీ ఒడ్డున ఓడలు దిగకముందే ఇక్కడ సికెల్ తెగవాళ్లున్నారు. ఆ దీవికి సిసిలీ అన్న పేరు వాళ్ల నుంచి వచ్చిందే. లోయ గోడల్లో రాతిని తొలిచిన పాత సమాధి గదులు నేటికీ కనిపిస్తాయి. కొన్నింటిని తర్వాతి తరాలు ఇళ్లుగా, పశువుల కొట్టాలుగా, సరుకు దాచుకునే గదులుగా వాడుకున్నాయి. క్రీస్తుపూర్వం 598 ప్రాంతంలో సిరాకూజా గ్రీకులు దగ్గర్లోని సముద్రతీరాన కామరీనా నగరాన్ని కట్టారు. ఒడ్డున గ్రీకులు, గుట్ట మీద సికెల్‌లు. వీళ్ల సరుకు వాళ్లకూ వాళ్ల సరుకు వీళ్లకూ చేరింది. పాత గ్రంథాల్లో కనిపించే హిబ్లా హెరయా నగరం ఇదేనని ఇబ్లా వాళ్ల నమ్మకం. చరిత్రకారులందరూ దాన్ని ఒప్పుకోరు. ఒడ్డున వెలిగిన కామరీనా మాత్రం యుద్ధాల్లో పదేపదే దెబ్బతిని, చివరికి రోమన్ల కాలంలో కనుమరుగైంది. గుట్ట మీది ఊరు నిలిచింది.

రోమన్ల తర్వాత బైజాంటియం పాలకులు గోడలు కట్టారు. 848లో ఆ ఊరు అరబ్బు సేనలకు లొంగిపోయింది. తర్వాత రెండు శతాబ్దాలపాటు సిసిలీ ముస్లింల ఏలుబడిలో ఉంది. నిమ్మ, నారింజ తోటలు, కాలువల సేద్యం దీవిలో వేళ్లూనుకున్న కాలమది. పదకొండో శతాబ్దంలో ఉత్తరాది నుంచి వచ్చిన నార్మన్ యోధులు గెలిచారు. సెయింట్ జార్జ్ వాళ్లకు ఇష్టమైన పునీతుడు. గుర్రపు రౌతులకు గుర్రమెక్కిన పునీతుడు నచ్చకేం చేస్తాడు? ఇబ్లాలో ఆయన ఆరాధన బలంగా పాతుకుపోవడానికి కారణం నార్మన్లే.

1296లో రగూజా, మోదికా ఒకే కౌంటీ కిందికి వచ్చాయి. మొదట క్యారామోంతె వంశం, 1392 నుంచి స్పెయిన్‌కు చెందిన కాబ్రేరా వంశం దాన్ని ఏలాయి. పేరుకు రాజు వేరే ఉన్నా, మోదికా కౌంటీ తనంత తానే ఒక రాజ్యంలా నడిచింది. కాబ్రేరాల కాలంలో జరిగిన ఒక మార్పును ఇక్కడ చెప్పుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు. పెద్ద పెద్ద భూములను చిన్న కమతాలుగా విడగొట్టి, తరతరాలకూ చెల్లే కౌలుకు రైతులకు ఇచ్చారు. సిసిలీలో మిగతా చోట్ల జమీందారు ఎక్కడో పట్నంలో ఉండి, కూలీలతో సేద్యం చేయించుకునేవాడు. ఇక్కడి రైతుకు మాత్రం చేను తనదే అన్నంత నమ్మకం కుదిరింది. పొలంలో తగిలిన సున్నపురాళ్లను ఏరి, మట్టీ సున్నమూ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి గట్టు గోడలు కట్టుకున్నాడు. రగూజా చుట్టుపక్కల ఎటు చూసినా ఆ తెల్లటి గోడల గళ్లూ, మధ్యమధ్య కరోబ్ చెట్లూ, మేసే ఆవులూ కనిపిస్తాయి. ఆవుల పాలతో చేసే రగుజానో జున్ను ఇటుక ఆకారంలో ఉంటుంది. తాడుకు వేలాడదీసి మాగబెడతారు. ఈ గోడల మధ్య నాలుగు డబ్బులు వెనకేసుకున్న రైతు కుటుంబాలే తర్వాత పై ఊరికి ఊపిరి పోశాయి.

రెండు రోజుల తేడాతో రెండు దెబ్బలు

1693 జనవరి 9, శుక్రవారం రాత్రి మొదటి అదురు. కొన్ని ఇళ్లు కూలాయి, గోడలు బీటలు వారాయి, జనం భయపడ్డారు. శనివారం గడిచింది. ఆదివారం, 11వ తేదీ మధ్యాహ్నం అసలు భూకంపం వచ్చింది. ఈనాటి లెక్కల్లో దాని తీవ్రత 7.4 దాకా ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఇటలీ చరిత్రలో నమోదైన అతి పెద్ద భూకంపాల్లో ఇదొకటి. సిసిలీలోని ఈ మూల భూగర్భ లెక్కల ప్రకారం ఆఫ్రికా పలకకు చెందిన ముక్క. అది యూరప్ వైపు తోసుకుంటూనే ఉంది. ఆ ఒత్తిడి ఆ రోజు బద్దలైంది. తూర్పు తీరాన్ని సునామీ కూడా ముంచింది.

మొత్తం మీద సుమారు 60 వేల మంది చనిపోయారు. కతానియాలో జనాభాలో మూడింట రెండు వంతుల మంది పోయారు. రగూజాలో దాదాపు ఐదు వేల మంది, అంటే ఊళ్లో సగం మంది. నలభైకి పైగా ఊళ్లు నేలమట్టమయ్యాయి. ఇబ్లా కోట కూలింది. తూర్పు కొసన ఉన్న పాత సాన్ జోర్జో, అంటే సెయింట్ జార్జ్, చర్చి కూలింది. దాని పక్క ద్వారం ఒకటి మాత్రం మిగిలింది. కటలాన్ గోథిక్ శైలిలో చెక్కిన ఆ కోణపు తోరణంలో సెయింట్ జార్జ్ ఇంకా సర్పాన్ని పొడుస్తూనే ఉన్నాడు. రాయి అరిగి ముఖం గుర్తు పట్టలేనట్టయింది. గుర్రం ఊపు మాత్రం తెలుస్తుంది. ఇబ్లా పార్కు గేటుకు పక్కనే, వెనక చర్చి లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుంది ఆ ద్వారం. భూకంపానికి ముందు రగూజా ఎలా ఉండేదో చెప్పే ఆనవాళ్లలో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

అలాంటి ఆనవాలు రెండోది, రెండు ఊళ్ల మధ్య మెట్ల దారిలో ఉంది. శాంత మరియా దెల్లె స్కాలె, అంటే మెట్ల మరియమ్మ చర్చి. సగం కూలింది, సగం నిలిచింది. కూలిన భాగాన్ని కొత్త తరహాలో కట్టుకున్నారు, నిలిచిన పక్క నడవను అలాగే ఉంచారు. అందుకే లోపల ఒకవైపు పద్దెనిమిదో శతాబ్దం, ఇంకోవైపు గోథిక్ తోరణాలు. మరియమ్మ తనువు చాలించిన ఘట్టాన్ని మలిచిన 1538 నాటి మట్టి శిల్పఫలకం కూడా ఆ పాత నడవలోనే ఉంది.

ఇక్కడా? పైనా?

శవాలను పాతిపెట్టారు, బతికినవాళ్లు గుడిసెలు వేసుకున్నారు. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. రాళ్ల దిబ్బగా మారిన ఈ గుట్ట మీదే మళ్లీ కట్టాలా, పడమటన ఉన్న పాత్రో మిట్ట మీదకు పోవాలా?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఎందుకంటే రగూజా భూకంపానికి ముందే రెండు వర్గాలు. తూర్పున సాన్ జోర్జో చర్చి విచారణ; ఆ భక్తులను ‘సాంజోర్జారి’ అనేవారు. పడమట, కోట గోడల కింద సాన్ జొవాన్ని, అంటే యోహాను, చర్చి. ఆ భక్తులు ‘సాంజొవన్నారి’. ఊరేగింపులో ముందు నడిచేదెవరు, పెద్దరికం ఏ చర్చిది, ఊరి అసలు పునీతుడెవరు అని తరాలుగా తగవులు. కోటప్పకొండ తిరునాళ్లకు ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తు లేవాలన్న పంతం ఎరిగిన మనకు ఈ వేడి వివరించి చెప్పక్కర్లేదు.

సాన్ జొవాన్ని వాళ్లు కదిలారు. వాళ్లలో చాలామంది కౌలు కమతాలతో పైకొచ్చిన రైతులు, కొత్తగా కలిగినవాళ్లు. పాత గుట్ట మీద వాళ్లకు పోగొట్టుకోవడానికి పెద్ద భవనాలేమీ లేవు. పాత్రో మిట్ట చదునుగా ఉంది, పొలాలకు దగ్గర, వీధులు వెడల్పుగా వేసుకోవచ్చు. మళ్లీ నేల కదిలితే పరిగెత్తడానికి చోటుంటుంది. వీధులను తిన్నగా, లంబకోణాల్లో గీసి ఊరు మొదలుపెట్టారు.

సాన్ జోర్జో వాళ్లు కదల్లేదు. పాత ప్రభువుల కుటుంబాలు ఎక్కువగా ఈ వర్గంలోనే. తాతలు సమాధి అయిన చోటు, పేరు మోసిన చోటు. వదిలి వెళితే ఆ పేరుకు విలువేముంటుంది? వాళ్లు కూలిన గోడల పునాదుల మీదే గోడలు లేపారు. కాబట్టి మధ్యయుగపు మెలికల సందులు, అరబ్బుల నాటి నుంచీ అలవాటైన ఇరుకు మలుపులు, ఉన్నట్టుండి తెరుచుకునే చిన్న చిన్న చావడి స్థలాలు అలాగే మిగిలాయి. వాటి మీదికి బరోక్ వచ్చి కూర్చుంది. ఇబ్లాలో నడిచేవాడి కాళ్ల కింద పన్నెండో శతాబ్దం ఉంటుంది, తలెత్తితే పద్దెనిమిదో శతాబ్దం కనిపిస్తుంది.

పై అధికారులు గీసిన ఊళ్లు

పక్క ఊళ్ల సంగతి వేరు. సిసిలీ అప్పట్లో స్పెయిన్ రాజుది. రాజప్రతినిధి ఉసేదా డ్యూక్, పునర్నిర్మాణ బాధ్యతను కమాస్త్రా డ్యూక్ జుజెప్పె లాంజాకు అప్పగించాడు. ఆయన వెంట ఫ్లాండర్స్‌కు చెందిన సైనిక ఇంజినీరు కార్లోస్ దె గ్రూనెన్‌బర్గ్ ఉన్నాడు. లాంజా పని వేగం ఆశ్చర్యపరుస్తుంది. కతానియా శిథిలాల మధ్య వెడల్పాటి తిన్నటి వీధులు గీయించాడు. నోటోను పాత కొండ మీద నుంచి మొత్తంగా తీసి, కొన్ని మైళ్ల దూరంలో, సముద్రం వైపు వాలుగా ఉన్న చోటికి తరలించాడు. అవోలా కొత్త ఊరికి జెసూట్ సభకు చెందిన వాస్తుశిల్పి ఆంజెలో ఇతాలియా ఆరు కోణాల నక్షా గీశాడు. గ్రామికేలెను బుతేరా యువరాజు కార్లో మరియా కరాఫా నడిమధ్య ఆరు కోణాల చౌకు పెట్టి, చుట్టూ వలయాలుగా వేయించాడు.

నోటో ఇవాళ ఇటలీ బరోక్‌కు రాజధాని అనిపించుకుంటోంది. ఆ పేరుకు అది తగినదే. మూడు సమాంతర వీధులు, వాటి వెంట వరసగా నాటకరంగం తెరల్లా నిలిచిన రాతి ముఖద్వారాలు చూస్తే ఎవరికైనా గొంతు మూగబోతుంది. అయితే ఆ స్థలం వద్దని, పాత కొండకే తిరిగి వెళతామని నోటో జనంలో పెద్ద వర్గం ఏళ్ల తరబడి కొట్లాడింది. వాళ్ల మాట చెల్లలేదు. పాత నోటో ఇప్పుడు చెట్లు మొలిచిన గోడలు, ఒక కోట ద్వారం. అక్కడ మనుషులు లేరు. రగూజాలో అధికారుల కంటే ఊరి వర్గాల పట్టు ఎక్కువగా చెల్లింది. దానికి చిందరవందర ఎక్కువ, ఖర్చు రెట్టింపు, పగలు శతాబ్దాల పాటు. కానీ పాత చోటు చావలేదు. నక్షా అందంగా ఉన్న ఊరి కంటే జనం మాట నెగ్గిన ఊరే నాకు గొప్పగా కనిపిస్తుంది.

గాల్యార్ది తిప్పిన చర్చి

సాన్ జోర్జో వర్గం పట్టుదల రాయిగా మారిన చోటు ఇబ్లా నడిబొడ్డులోని పెద్ద చౌకు. కూలిన పాత చర్చి ఊరి కొసన ఉండేది. కొత్తదాన్ని ఊరి మధ్యకు తెచ్చారు. అక్కడ అంతకుముందు సాన్ నికోలా చర్చి ఉండేది. పని అప్పగించింది రొజారియో గాల్యార్దికి. సిరాకూజాలో పుట్టి, నోటోలో స్థిరపడి, పుట్టిన మూల వదలకుండానే యూరప్ గుర్తుపెట్టుకునే కట్టడాలు కట్టినవాడు. 1738లో నక్షా, 1739లో పునాది రాయి. పని ముగిసేసరికి 1775. అప్పటికి గాల్యార్ది పోయి పదమూడేళ్లు. ఆయన గీసిన పటాలు మాత్రం ఇప్పటికీ చర్చి భద్రంగా దాచుకుంది.

ఆ చర్చి ముందు నిలబడితే మొదట గమనించేది, అది మనకు ఎదురుగా లేకపోవడం. చౌకు ఒక దిక్కు చూస్తుంటే చర్చి కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. పొరపాటున అలా కట్టలేదు. నేల వాలు, పాత వీధుల పొందిక ఒప్పుకోక కొంత, కంటికి విందు చేయాలన్న ఎత్తుగడ కొంత. చౌకు కింది కొస నుంచి ఎక్కుతూ వచ్చేవాడికి ముఖద్వారం ఏటవాలుగా కనిపిస్తుంది, దాని వెనక గోపురం కూడా కనిపిస్తుంది. సూటిగా కట్టి ఉంటే గోపురం ముఖద్వారం వెనక దాక్కునేది. ఇంకొంచెం దగ్గరికి వెళ్లి మెట్ల మొదట్లో నిలబడితే గోపురం మాయమై ముఖద్వారమొక్కటే ఆకాశాన్ని మూసేస్తుంది.

ముఖద్వారం మూడు అంతస్తులు. ప్రతి అంతస్తులోనూ స్తంభాలు గుంపులు గుంపులుగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. మధ్య భాగం బయటికి ఉబ్బి ఉంటుంది. చిట్టచివర గంట వేలాడే గూడు. ఇటలీలో చాలాచోట్ల గంట స్తంభాన్ని చర్చి పక్కన విడిగా కడతారు. సిసిలీ మేస్త్రీలు దాన్ని ముఖద్వారంలోనే కలిపేశారు. ముఖమూ గోపురస్తంభమూ ఒకటే అయిపోయిన ఈ పద్ధతిని గాల్యార్ది పరాకాష్ఠకు తీసుకెళ్లాడు. పొద్దు పొడిచినప్పుడు ఒక వైపు స్తంభాలు, సాయంత్రం ఇంకో వైపు స్తంభాలు వెలుగుతాయి. నీడలు ఆ ఉబ్బు మీద నెమ్మదిగా జరుగుతాయి. సున్నపురాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది, తేనెరంగుకు తిరుగుతుంది. ఆ నేలలో ఆ రాయి దొరక్కపోతే ఈ శైలి ఈ రూపం తీసుకునేది కాదు.

43 మీటర్ల ఎత్తున్న నీలి అద్దాల గోపురం తర్వాతి తరం చేర్పు. 1820లో కట్టారు. అప్పటికి అభిరుచి మారిపోయింది. వంపులు పోయి, వరసగా 16 స్తంభాలతో గంభీరమైన క్లాసికల్ పోకడ వచ్చింది. కింద బరోక్, పైన క్లాసికల్. రెండూ తగవు పడవు.

చర్చిల కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి ఇళ్ల బాల్కనీలు. ఇనుప కమ్మీలు బాతు రొమ్ములా ముందుకు ఉబ్బి ఉంటాయి. గౌన్ల ఘేరాకు చోటు కోసం అలా చేశారని చెప్పుకుంటారు. బాల్కనీలను మోసే రాతి దూలాలు పనిమంతుల సొంత రాజ్యం. పలాజ్జో కొసెంతీని కింద నిలబడి తలెత్తితే నోరు తెరిచిన వికృత ముఖాలు, ముఖాల మీద పాములు, కప్పలు, తేళ్లు. పుల్లలు పెట్టేవాళ్ల నాలుకలకు అదే శిక్ష అని స్థానికుల వ్యాఖ్యానం. పక్క దూలాల మీద వాయిద్యాలు పట్టిన సంగీతగాళ్లు. పలాజ్జో లా రోక్కా బాల్కనీల కింద పిల్లనెత్తుకున్న తల్లి, ముద్దాడుకునే జంట లాంటి మామూలు మనుషులూ ఉంటారు. పై ఊళ్లో పలాజ్జో బెర్తీని కిటికీల మీద మూడు తలలున్నాయి: పళ్లూడిన పేదవాడు, దర్జాగా చూసే ప్రభువు, తలపాగా చుట్టిన తూర్పుదేశపు వర్తకుడు. వీళ్లను ముగ్గురు బలవంతులంటారు. పోయేదేమీ లేదు కాబట్టి పేదవాడు బలవంతుడు, అధికారం వల్ల ప్రభువు, డబ్బుతో దేన్నైనా కొనగలడు కాబట్టి వర్తకుడు. సగం ఊరిని నేల మింగిన నూరేళ్లకు, ఆ ఊరి శిల్పి పేదవాణ్ణి బలవంతుల వరసలో మొదట నిలబెట్టాడు.

పై ఊరి నల్లరాయి

పై ఊరి గురించి రాసినవాళ్లు తక్కువ. అది అన్యాయం. 1718లో మొదలైన సాన్ జొవాన్ని చర్చి వెడల్పుగా, బరువుగా, ఒక పక్క ఎత్తైన గంటస్తంభంతో నిలబడి ఉంటుంది. గాల్యార్ది నాట్యం అందులో లేదు, కానీ రైతుల ఊరు తన కష్టార్జితంతో కట్టుకున్న నిబ్బరం ఉంది. లోపల నేల చూడాలి. నల్లటి రాయి, అందులో తెల్ల సున్నపురాతి పొదుగుడు పని. ఆ నల్లరాయి పేరు ‘పియేత్ర పేచె’, అంటే తారు పట్టిన సున్నపురాయి. రగూజా నేల కింద సహజంగా దొరుకుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో విదేశీ కంపెనీలు ఇక్కడ గనులు తవ్వి ఆ తారును తీసుకెళ్లాయి. యూరప్ నగరాల వీధుల మీద అది పరుచుకుంది. 1953లో అదే నేల కింద ముడిచమురూ బయటపడింది. పై ఊరు పెరగడానికి పొలాలతోపాటు ఈ గనులూ కారణం.

బలం పెరిగిన కొద్దీ పంతమూ పెరిగింది. 1865లో రగూజా రెండు మునిసిపాలిటీలుగా విడిపోయింది. పైన ఒకటి, కింద ఒకటి, రెండింటికీ వేర్వేరు మేయర్లు. 1926లో మళ్లీ ఒకటి చేశారు. ఆ వెంటనే రగూజా జిల్లా కేంద్రమైంది. దాంతో ఆఫీసులు, బ్యాంకులు, కాలేజీలు అన్నీ పైనే చేరాయి. పై ఊరు రెండు కొండల మధ్య లోయ దాటి విస్తరించడానికి వంతెనలు కట్టుకుంది. ఆ లోయ మీద ఇప్పుడు మూడు వంతెనలున్నాయి. సాన్ జొవాన్ని చర్చి 1950లో బిషప్ పీఠమైంది. పునీతుల పోటీలో చివరికి నెగ్గిందెవరంటే, కాగితాల మీద యోహానే.

నెగ్గిన ఊరు, ఖాళీ అయిన ఊరు

ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఇబ్లా ఒట్టిపోయింది. కారు పోని సందులు, చెమ్మ పట్టిన గదులు, పని పైన, బడి పైన. కుటుంబాలు తాళాలు వేసి కొత్త అపార్ట్‌మెంట్లకు ఎక్కేశాయి, ఇంకొందరు ఉత్తరాదికో విదేశాలకో పోయారు. భూకంపానికి కూడా వదలని చోటును సౌకర్యం కోసం వదిలేశారు. 1981లో సిసిలీ ప్రాంతీయ శాసనసభ ప్రధానంగా ఇబ్లా పునరుద్ధరణ కోసం ఒక చట్టం చేసింది, 61వ నంబరు చట్టం. పాత ఇళ్లు బాగు చేసుకునేవాళ్లకు నిధులు, నియమాలు అందులో ఉన్నాయి. కూలగొట్టకుండా బతికించుకోవాలన్న నిర్ణయం అలా చట్టమైంది. ఇవాళ ఇబ్లాలో వెలిగే దీపాల్లో చాలా భాగం ఆ చట్టం వల్లనే.

ఆ తర్వాత కెమెరాలు వచ్చాయి. ఆంద్రెయా కామిల్లేరి నవలల ఆధారంగా 1999లో మొదలైన ఇన్‌స్పెక్టర్ మోంతల్బానో టీవీ ధారావాహిక ఇబ్లా చౌకును ఇటలీలో ఇంటింటికీ తీసుకెళ్లింది. పర్యాటకులు పెరిగారు. పాడుబడ్డ ఇళ్లు అతిథి గృహాలయ్యాయి. మరమ్మతులకు డబ్బు వచ్చింది, నిజమే. కానీ తాళాలు తీసిన ఇళ్లన్నిటిలోకీ కాపురాలు రాలేదు. రాత్రి పది దాటాక కిటికీల్లో వెలుగు ఎన్ని ఇళ్ల నుంచి సొంత మనుషులది, ఎన్నింటి నుంచి రెండు రాత్రుల బసది అన్నదే ఇబ్లా ఇప్పుడు తేల్చుకోవాల్సిన విషయం. మనుషులు కాపురముండని వారసత్వం సినిమా సెట్టింగు కిందే లెక్క.

నేల సంగతి కూడా మరవకూడదు. 1990 డిసెంబరు 13న ఈ ప్రాంతం మళ్లీ కదిలింది. ఆ దెబ్బకు పగుళ్లిచ్చిన నోటో కథీడ్రల్ ఐదేళ్లపాటు సరైన మరమ్మతుకు నోచుకోలేదు. 1996 మార్చి 13న ఒక స్తంభం లొంగింది, దాంతో గోపురం, మధ్య నడవ పైకప్పు కుప్పకూలాయి. లోపల ఎవరూ లేకపోవడం అదృష్టం. విప్పి చూస్తే పైకి చెక్కుడు రాయితో ఠీవిగా ఉన్న స్తంభాల లోపల గుండ్రాళ్లు, బలం లేని సున్నం నింపి ఉన్నాయి. దాని మీద ఇరవయ్యో శతాబ్దంలో వేసిన కాంక్రీటు కప్పు బరువు తోడైంది. స్తంభాలను కొత్తగా, పాత పద్ధతుల్లోనే కానీ నాణ్యంగా కట్టి, 2007లో చర్చిని మళ్లీ తెరిచారు. పద్దెనిమిదో శతాబ్దపు మేస్త్రీలు తొందరలో దాచిన లోపం రెండు వందల ఏళ్లకు బయటపడింది. అందాన్ని కాపాడటమంటే ముఖద్వారం కడిగి దీపాలు పెట్టడం మాత్రమే కాదని, స్తంభం లోపల ఏముందో చూడటమని నోటో అందరికీ చూపించింది. రగూజా, మోదికా, షీక్లీ చర్చిలన్నిటికీ ఆ పరీక్ష ఎడతెగకుండా జరుగుతూ ఉండాల్సిందే.

యూరప్‌లో చదువులకూ ఉద్యోగాలకూ ఉన్న మన పిల్లలు, వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలు ఇటలీ అంటే రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ తిరిగి వచ్చేస్తున్నారు. వీలైతే ఇంకొక్క అడుగు దక్షిణానికి వేయండి. కతానియాలో విమానం దిగితే రగూజా సుమారు వంద కిలోమీటర్లు. కోమిజో విమానాశ్రయమైతే ఇంకా దగ్గర. కారులో నేరుగా ఇబ్లాలోకి దిగకండి. పై ఊళ్లో సాన్ జొవాన్ని నల్లరాతి నేల చూసి, మెట్ల మరియమ్మ చర్చి దగ్గర ఆగి, గుట్ట మీది పాత ఊరంతా ఒక్క చూపులో చూసి, అప్పుడు కాలినడకన దిగండి. మోకాళ్లు సహకరించనివాళ్లకు సిటీ బస్సుంది. సాన్ జోర్జో చూశాక వెనుదిరక్కుండా తూర్పు కొస దాకా నడిచి ఆ ఒంటరి ద్వారం ముందు కాసేపు నిలబడండి. రొట్టె, జున్ను కొనేటప్పుడు, ఇబ్లాలోనే కాపురముంటున్నవాళ్ల దుకాణం ఏదో అడిగి అక్కడే కొనండి.